కాశీవిశ్వనాథంగారి స్వీడన్ చుట్టరికం

కెనడాలోని మార్కమ్‌లో కర్రీ పాయింట్ నడిపే కాశీవిశ్వనాథానికి అరవయ్యో ఏట స్వీడన్ వాళ్లతో చుట్టరికం కలిసింది. అంతవరకూ ఆయన గొప్పలన్నీ గోత్రం దగ్గరే ఆగేవి.

ఎవరో పంపిన వీడియో చూశాడు. వేల ఏళ్లనాటి ఎముకల్లోంచి డీఎన్ఏ తీసి, స్వీడన్ లాంటి ఉత్తర ఐరోపా దేశాల జనం ఎక్కణ్ణించి వచ్చారో తేల్చారట. వేటగాళ్లు, దక్షిణం నుంచి వచ్చిన రైతులు, గడ్డి మైదానాల పశువుల కాపరులు, అందరూ కలిసిన సంకరమట. ఆ కాపరుల వాటా మన దేశం వాళ్లలోనూ కొంత ఉందట. ఆయన చెవికి ఆ చివరి మాట ఎక్కింది. సంకరం ఎక్కలేదు.

వెంటనే రెండు డీఎన్ఏ పరీక్ష కిట్లు తెప్పించాడు. ఒకటి తనకు, రెండోది, తేడా చూపించడానికి, కర్రీ పాయింట్‌లో వంట చేసే తేజశ్రీకి. ఆ అమ్మాయి సార్నియాలో కాలేజీ పూర్తిచేసి ఇక్కడ పనికి చేరి రెండేళ్లయింది. పీఆర్‌కి, అంటే ఇక్కడే స్థిరపడే అనుమతికి, అప్లై చెయ్యాలంటే ఆ రెండేళ్ల పనికీ ఆయన లెటర్ ఇవ్వాలి. మూడు నెలలుగా "చూద్దాంలేమ్మా" అంటున్నాడు.

గొట్టాల్లో ఉమ్మారు. ఉమ్మగానే ఆయన చేతులు కడుక్కోవడానికి పరుగెత్తాడు. "ఎంగిలి నేను ముట్టను. పేర్లు నువ్వు అంటించు, శ్యామలా." భార్య శ్యామల సీరియల్ మీంచి కళ్లు తిప్పకుండా రెండు పేర్లూ అంటించింది.

కాపరుల వాటా ఆయన పేరు మీద ఇరవై రెండు శాతం వచ్చింది, తేజశ్రీ పేరు మీద తొమ్మిది. "అందుకే నాకు చలి వెయ్యదు" అన్నాడు, స్వెట్టర్ మీద జాకెట్ తొడుక్కుంటూ. తన రిపోర్టులో 'మగ' అని ఉండటం తేజశ్రీ చూసింది. ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఆదివారం పదిమందిని ఇంటికి భోజనానికి పిలిచి, వడ్డనకు తేజశ్రీని రమ్మని, టీవీలో తన రిపోర్టు పెట్టాడు. లెటర్ పంపడానికి తేజశ్రీకి మంగళవారమే గడువు.

కూతురు అమృత ఫోన్‌లోంచి తలెత్తింది. "డాడ్, ఇట్ సేస్ ఫీమేల్."

"స్వీడన్ వారి ఆడపడుచన్నమాట మీరు" అని స్నేహితుడు రాజగోపాల్ పప్పు కలుపుకున్నాడు.

కాశీవిశ్వనాథం తేజశ్రీని వంటింట్లోకి పిలిచాడు. "ఫారం నువ్వు నింపావనీ, ఆడ అని పొరపాటున టిక్ పెట్టావనీ చెప్పమ్మా."

"అది ఫారంలోది కాదంకుల్. ఉమ్ములోంచే తెలుస్తుంది. పేర్లు తారుమారయ్యాయి. ఆ ఇరవై రెండు నాది."

"నీకెందుకే అది? ఏం చేసుకుంటావ్?"

తేజశ్రీ తనే టైపు చేసుకొచ్చిన లెటర్ జేబులోంచి తీసి, మడతలు సాపు చేసి, కుక్కర్ పక్కన పెట్టింది. పెన్ను కూడా పెట్టింది.

"ఇప్పుడా?"

"అందరూ ఎదురుచూస్తున్నారంకుల్."

చదవకుండానే సంతకం పెట్టాడు. ఆమె మాత్రం ప్రతి అక్షరం చదివి మడిచింది. హాల్లోకి వెళ్లి, నేల చూస్తూ, "టిక్ నేనే తప్పు పెట్టానండీ" అంది.

ఆ పదిమందిలో ముగ్గురు ఇంజనీర్లు. ఒక్కరూ ఇదెలా అని అడగలేదు. కాశీవిశ్వనాథం గొంతు మళ్లీ లేచింది. తేజశ్రీ ఏప్రన్ విప్పి కోటు వేసుకుంది. పెరుగు ఎవరు వడ్డిస్తారో వాళ్లే చూసుకుంటారు.