చర్చి గేటు బయట గోనెసంచి

ఈ రోజు ఆరాధన అయ్యాక కంచరపాలెంలో మా చర్చి గేటు బయట గోనెసంచి పట్టుకుని నిలబడ్డాను. బీరూట్‌లో ఇశ్రాయేలు బాంబులకు గూడు పోయిన పాలస్తీనా వాళ్ల కోసం మా పోర్టు యూనియన్ వాళ్లం పాత బట్టలు పోగుచేస్తున్నాం. లోపల సేకరించడానికి సంఘపెద్ద ఒప్పుకోలేదు. ఆయన మా పెదనాన్నే.

గేటు దాకా వచ్చి, "ఇశ్రాయేలు దేవుడి జనం కదరా, ఆళ్లకి ఎదురెల్తావేటి?" అని అందరి ముందూ కసిరారు.

"పెదనాన్నా, బేత్లెహేములో మనలాగ చర్చికెల్లే పాలస్తీనా వోళ్లున్నారు. ఆళ్లేటి సేసారు?" అన్నాను.

ఆయన, "ఆళ్లు ఏ బాసలో పార్దన సేత్తారు?" అని అడిగారు.

"అరబ్బీలో."

ఆయన లోపలికి వెళ్లిపోయారు. కొంతసేపటికి తిరిగొచ్చి గేటు బార్లా తీశారు. "ఎండలో ఏటి నిలబడ్డం? మెట్ల కాడ పెట్టుకో," అన్నారు. నా మొహం మాత్రం చూడలేదు.

బట్టలు బాగానే వచ్చాయి. నాకే ఇంకా కుదురు లేదు. రేడియోలో మళ్లీ బాంబుల వార్తే. పెదనాన్న మనసు మారిందో, ఎండలో ఉన్నానని జాలిపడ్డారో తెలియడం లేదు. వెళ్లి అడగాలా, ఊరుకోవాలా? మీరైతే ఏం చేస్తారు?