మస్కట్ గోడకు దిష్టిచుక్క

డెబ్బైల్లో నేను మస్కట్‌లో పెయింటర్ని. ఒక షావుకారి పాత మేడను మ్యూజియం చేస్తూ, హాలు గోడల మీద వెలిసిపోయిన పూలతీగలను దిద్దే పని మాకిచ్చారు. మా కరీంనగర్ జిల్లా మొత్తం బంతికి కూర్చోగలిగినంత హాలది. పాత బొమ్మకు ఒక్క గీత ఎక్కువైనా ఇండియా విమానం ఎక్కిస్తానని పని చూసే ఇంగ్లీషు దొర ముందే చెప్పాడు.

నా గోడ పూర్తయింది. తేనెటీగలు వచ్చి మోసపోయాయి. అంత అందానికి కన్ను తగులుతుందని, మా ఊరి అలవాటు ప్రకారం మూలన చిన్న నల్లచుక్క పెట్టాను.

మర్నాడు దొర భూతద్దం, ఆ గోడ పాత ఫోటో పట్టుకొని వచ్చి, గోడంతా వదిలేసి చుక్క దగ్గర ఆగాడు. "ఇది పాత ఫోటోలో లేదే?" అన్నాడు.

"పెట్టె సదురుకో అన్నా," అని పక్క గోడకు రంగు వేస్తున్న మా ఊరి రాజన్న గొణిగాడు. నేను కుంచెను వీపు వెనక్కి దాచిన విసురుకు రేవులో ఓడలు ఊగాయి.

"నజర్ తగలకుండా సాబ్," అన్నాను, వచ్చిన హిందీలో.

ఇంతలో మేడ యజమాని, తెల్లగడ్డం ఒమానీ పెద్దాయన, చేతికర్రతో దగ్గరికొచ్చి చుక్కను పరిశీలించాడు. "ఇంత పెద్ద గోడకు ఇంతేనా? చూడ్డానికి దేశమంతా వస్తుంది. పెద్దది పెట్టు," అన్నాడు.

దొర ముఖం వెలిగింది. "ఓహో, ఇక్కడి ఆచారమా! అయితే మిగతా గోడలకూ పెట్టండి."

కరీంనగర్ ఒమాన్‌లో ఎప్పుడు కలిసిందని నేనడగలేదు. రాజన్నా అడగలేదు. నోరు మూసుకోవడం కూడా చరిత్రకు చేసే సేవేనని నాకు ఆ రోజే తెలిసింది.