వసంత కార్డుతో వియన్నాలో

ఐరోపాలో నన్ను దొంగలెవరూ దోచుకోలేదు. పాపం, వాళ్లకి ఆ అవకాశమే నేను ఇవ్వలేదు. వాళ్లు చేయాల్సిన పనంతా నేనే ముందుగా, శ్రద్ధగా, ఇంటి దగ్గర్నుంచే ఏర్పాట్లు చేసుకుని మరీ పూర్తిచేశాను. పరాయి దేశపు రైల్వే స్టేషన్లో, కడుపు మాడుతున్న కూతుర్ని పక్కన పెట్టుకుని, చేతిలో రెండు క్రెడిట్ కార్డులుండీ ఒక మంచినీళ్ల సీసా కొనలేని స్థితికి మనిషి తనను తాను ఎలా తెచ్చుకోగలడో తెలియాలంటే మీరు నా కథ వినాలి.

నేను అబుదాబి ముసఫ్ఫాలో ఒక ఫ్యాబ్రికేషన్ వర్క్‌షాపులో ఎస్టిమేటర్ని. ఇనుప మెట్లకీ, రెయిలింగులకీ ఎంతవుతుందో లెక్కగట్టడం నా ఉద్యోగం. ఊరందరి ఖర్చూ చెప్పగలను గానీ మా ఇంట్లో పాల ప్యాకెట్ ధర నాకు తెలియదు. అది మా ఆవిడ వసంత శాఖ. క్రెడిట్ కార్డు నా పేరు మీద ఉండేది, దానికి అనుబంధంగా, తర్వాతెప్పుడో తీసుకున్న ఇంకోటి ఆవిడ పేరు మీద. నా కార్డు పర్సులో పడుకునేది, ఆవిడది ఊరంతా తిరిగేది. మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో మా ఇంటి చుట్టుపక్కల ఆ కార్డు ఎరగని కొట్టు లేదు.

కరోనా రెండో ఏడాది వసంత పోయింది.

నవ్విస్తానని పిలిచి ఇదేమిటంటారా? కాస్త ఓపిక పట్టండి. నా తెలివితక్కువతనం సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది. ఆవిడ పోయిన సంగతి బ్యాంకుకి చెప్పాలి కదా, నేను చెప్పలేదు. చెప్పకూడదని కాదు. ఫోన్ చేసేవాణ్ణి. అరబ్బీకి ఒకటి నొక్కండి, ఇంగ్లీషుకి రెండు నొక్కండి అని మరబొమ్మ మాట్లాడుతున్నంతసేపూ ధైర్యంగానే ఉండేవాణ్ణి. మనిషి గొంతు వినిపించగానే పెట్టేసేవాణ్ణి. అలా ఆవిడ కార్డు బతికే ఉంది. నా పర్సులో, నా కార్డు వెనకాల. ఏడాదికోసారి దాని రుసుము కూడా కట్టాను, హాయిగా.

మా అమ్మాయి అమూల్య ప్లస్ టూ అయిపోగానే ఒకరోజు, "నాన్నా, అమ్మ వెళ్దామన్న చోటికి వెళ్దామా?" అంది. వియన్నా, అక్కణ్నుంచి రైల్లో సాల్జ్‌బర్గ్, కొండలు. వసంత ఎన్నో ఏళ్లుగా ఫోన్లో ఫోటోలు దాచుకున్న ఊళ్లు. మా ఇంట్లో ఆవిడ మాట రావడం అదే, చాలా కాలం తర్వాత. నేనేమైపోతానోనని అమ్మాయి ఎత్తేది కాదు, తనేమైపోతుందోనని నేను ఎత్తేవాణ్ణి కాదు. ఇద్దరం కలిసి అన్నం గురించి, ఏసీ గురించి మాట్లాడుకునేవాళ్లం.

ప్రయాణం సంగతి వర్క్‌షాపులో యాదగిరికి చెప్పాను. కొనుగోళ్లు చూస్తాడు, జగిత్యాల వైపు మనిషి. షార్జా దాటి ఎరగడు గానీ ఐరోపా గురించి అతనికి తెలియనిది లేదు.

"మూర్తన్నా, పైసలు మాత్రం కొంచవోకు. ఆడి దొంగలు మామూలోళ్లు గాదు. నువ్వు నవ్వినవనుకో, నోట్లకెల్లి బంగారు పన్ను గూడ పీక్కపోతరు."

"నాకు బంగారు పన్ను లేదు యాదగిరీ."

"గందుకే జేబుల మీద పడ్తరు."

ఆ మాట నా మనసులో మేకులా దిగింది. మార్చుకుందామనుకున్న యూరోలు మార్చుకోలేదు. కార్డుంది, అక్కడంతా కార్డే, ఖలాస్. అదే సమయంలో కొరియర్ అతను వచ్చి ఒక కవరిచ్చి సంతకం తీసుకున్నాడు. విప్పి చూస్తే నా పేరున కొత్త క్రెడిట్ కార్డు.

"పాతది ఖరాబైందా?" అన్నాడు యాదగిరి.

"లేదే, రాయిలా ఉంది. వచ్చాక చూద్దాం" అని కవర్ని టేబుల్ డ్రాయర్లో పడేసి తాళం వేశాను. తాళంచెవి జాగ్రత్తగా జేబులో పెట్టుకున్నాను. జాగ్రత్త విషయంలో నన్ను ఎవరూ వేలెత్తి చూపలేరు.

వియన్నాలో మొదటి రోజులు మహారాజుల్లా గడిచాయి. హోటల్‌కి ముందే కట్టేశాం. ట్రామ్ ఎక్కడానికి, కాఫీ తాగడానికి కార్డు ఆనిస్తే చాలు. ఇంతలో నెల మారింది. పొద్దున బేకరీలో రెండు రొట్టెలు, రెండు కాఫీలు తీసుకుని దర్జాగా కార్డు ఆనించాను. యంత్రం గొంతులో ముల్లు గుచ్చుకున్నట్టు కూసింది. తుడిచి ఆనించాను. ఊది ఆనించాను. కౌంటర్లో ఉన్న ఆవిడ నేను మంత్రం వేస్తున్నాననుకుని ఒక అడుగు వెనక్కి వేసింది.

అమూల్య కార్డు తీసుకుని తిప్పి చూసింది. "నాన్నా, దీని గడువు నిన్నటితో అయిపోయింది."

"నిన్న పనిచేసిందే!"

"అందుకే నిన్న పనిచేసింది."

అప్పుడు వెలిగింది, బ్యాంకు వాళ్లు కొత్త కార్డు ఎందుకు పంపారో. డ్రాయర్ ముసఫ్ఫాలో, తాళంచెవి వియన్నాలో. వెనకాల జనం పెరుగుతున్నారు. ఏం చేస్తున్నానో తెలియకుండానే పర్సు లోపలి అరలోంచి వసంత కార్డు తీసి ఆనించాను. యంత్రం చక్కగా, మర్యాదగా టింగుమంది.

ఆ వెంటనే నా ఫోన్ కూడా మోగింది. బ్యాంకు సందేశం. శ్రీమతి వసంత గారి కార్డు వియన్నాలో ఫలానా బేకరీలో వాడబడినది.

ఆ వాక్యం ఎన్నిసార్లు చదివానో చెప్పను. రొట్టె చల్లారిపోయింది. వసంత వియన్నాలో ఉంది. బేకరీలో ఉంది. బ్యాంకే అంటోంది.

ఇక చూడండి నా వీరంగం. పక్క వీధిలో మళ్లీ కాఫీ. శ్రీమతి వసంత గారు కాఫీ తాగారు. ఎండ కాస్తుంటే గొడుగు కొన్నాను. శ్రీమతి వసంత గారు గొడుగు కొన్నారు. ఉన్ని సాక్సులు, సబ్బు, గుర్రం బొమ్మ ఉన్న ఫ్రిజ్ అయస్కాంతం. తిరునాళ్లలో వదిలేసిన చిన్నపిల్లాడిలా కనపడిందల్లా కొంటున్నాను. ఒక్కో టింగుకీ ఒక్కో సందేశం. బతికున్నప్పుడు ఆవిడ ఖర్చుల సందేశాలు వస్తే, 'మళ్లీ ఏం కొన్నావ్' అని సణిగినవాణ్ణి నేనే.

అమూల్య గొడుగు మోస్తూ నా వెనక నడుస్తోంది. నా ఫోన్ వంక ఒకసారి చూసింది.

మధ్యాహ్నం సాల్జ్‌బర్గ్ టికెట్లకి స్టేషన్‌కి వెళ్లాం. యంత్రానికి కార్డు ఆనించాను. ఈసారి మొత్తం పెద్దది, టింగనలేదు. పిన్ నంబరు అడిగింది.

పిన్! ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ కార్డు పిన్ ఏమిటని ఒక్కసారైనా అడగలేదు. ఎందుకడుగుతాను, ఆవిడ ఉండగా?

"మా పెళ్లిరోజై ఉంటుంది" అని నొక్కాను. తప్పు.

"నీ పుట్టినరోజు." తప్పు.

"నాన్నా, ఆగు. అమ్మ మనం కనిపెట్టగలిగేది పెట్టదు" అంది అమూల్య.

"నేను కనిపెట్టలేనిదేముంది?" అని నా పుట్టిన సంవత్సరం నొక్కాను. ఎంత అహంకారమో చూడండి. మూడుసార్లూ తప్పయ్యేసరికి కార్డు బిగుసుకుపోయింది, ఇక పనిచేయనంది. వెనకాల క్యూలో ఒక పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. పక్కకి జరిగి, అబుదాబిలో బ్యాంకుకి ఫోన్ చేశాను. ఎవరో కుర్రాడు, హిందీలో తేనె పూసినట్టు మాట్లాడాడు.

"సార్, ఇది వసంత మేడమ్ కార్డు. పిన్ మార్చాలంటే మేడమ్‌తో మాట్లాడాలి. పక్కన ఉన్నారా?"

"లేరు."

"ఎప్పుడు మాట్లాడగలరు సార్?"

"నేను ఆవిడ భర్తని. అసలు ఖాతా నాదే. నాతో మాట్లాడు బాబూ."

"రూల్ ఒప్పుకోదు సార్. మేడమ్ ఒక్కసారి లైన్లోకొచ్చి అవునంటే చాలు. నిమిషం పని."

"ఆవిడ రాలేదు."

"ప్రయాణంలో ఉన్నారా సార్?"

అవునందామనుకున్నాను. నిజం చెబుతున్నాను, నాలుక చివరిదాకా వచ్చింది. పొద్దుటి నుంచీ వియన్నా అంతా తిరుగుతూనే ఉంది కదా. కానీ ఎదురుగా అమూల్య నిలబడి ఉంది, చంకలో గొడుగు, చేతిలో సాక్సుల సంచీ, కళ్లు నా మీద.

"వో అబ్ నహీ రహీ" అన్నాను.

నా భార్య ఇక లేదన్న మాట నేను మొదటిసారి పైకి అన్నది అదే. ఇంట్లో కాదు, అయినవాళ్లతో కాదు, తెలుగులో కూడా కాదు.

"చాలా బాధాకరం సార్. ఒక్క నిమిషం లైన్లో ఉండండి" అన్నాడు కుర్రాడు. పాట వేశారు, హుషారైన పాట. మళ్లీ వచ్చాడు. "మేడమ్ కార్డు ఇప్పుడే రద్దు చేశాను సార్. తర్వాతి కాగితాలకి బ్రాంచికి రండి. ఈ రోజు మీకు ఇంకేమైనా సహాయం చేయగలనా?"

"ఏమీ అక్కర్లేదు నాయనా, చాలా చేశావు" అన్నాను.

అంత ఫోన్ చేసి నేను సాధించింది, ఉన్న ఒక్క కార్డునీ నా చేతులారా చంపుకోవడం.

బెంచీ మీద కూలబడ్డాను. అమూల్య పక్కన కూర్చుంది. "ఇంకేమైనా సహాయం కావాలా అన్నాడా?" అంది. తల ఊపాను. పక్కున నవ్వింది. నవ్వి నవ్వి, ఆ నవ్వు ఎక్కడ మలుపు తిరిగిందో తెలియదు, నా భుజంలో మొహం దాచుకుని ఏడ్చేసింది. నేనూ ఆగలేదు. దారినపోయేవాళ్లు మాకు రైలు తప్పిపోయిందనుకుని జాలిపడ్డారు.

"నువ్వు ఎప్పుడూ ఆ మాట అనకపోయేసరికి, నేను గనక అంటే నీకేమైనా అవుతుందేమోనని భయమేసేది నాన్నా" అంది.

"ఇప్పుడన్నాను కదా. ఏమైంది?"

"కార్డు పోయింది."

యాదగిరికి ఫోన్ చేశాను. విషయం వినగానే, "అయ్యో, జేబు కోసిర్రా? నేన్జెప్పలే!" అని అరిచాడు.

"ఎవరూ కొయ్యలేదు, నేనే."

"నువ్వేందన్నా, నువ్వే దొంగవా? సరె సరె, పాప తిన్నదా? యల్లా, పైసలు పంపనీకి ఎక్స్‌ఛేంజ్‌కు ఉరుకుతున్న. పాస్‌పోర్ట్ మీదున్న పేరు పంపు, జల్ది."

డబ్బు వచ్చేసరికి సాయంత్రమైంది. ఆ లోపల ఆకలితో కూర్చుని మేం మాట్లాడుకున్నదంతా వసంత గురించే. ధరలు రాసిపెట్టిన హైపర్‌మార్కెట్లో కూడా బేరమాడి, కుదరకపోతే కొత్తిమీర కట్ట కొసరు తెచ్చేదని అమూల్య చెప్పింది. నాకు తెలియని వసంత చాలానే ఉంది. మర్నాడు సాల్జ్‌బర్గ్ వెళ్లాం. కొండల మీద మబ్బు కమ్ముకుని ఏమీ కనపడలేదు. అయినా చాలాసేపు నిలబడ్డాం.

తిరిగొచ్చాక బ్రాంచికి వెళ్లి, కాగితాల మీద సంతకాలు పెట్టాను. ఈసారి అమూల్య పక్కన కూర్చుంది.

కాబట్టి పాఠక మహాశయులారా, మీ అందరి సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. గడువు చూడకుండా దేశం దాటను. జేబులో నాలుగు నోట్లు లేకుండా గడప దాటను. అన్నిటికంటే ముఖ్యంగా, ఇకమీదట మా ఇంట్లో ఎవరూ తమ పిన్ నంబరు చెప్పకుండా ఎక్కడికీ వెళ్లడానికి వీల్లేదు.

ఈ శాసనం వినగానే అమూల్య, "ముందు నీది చెప్పు" అంది. చెప్పాను. ఇంత సులువైనది పెట్టుకుంటారా అని తిట్టి, అప్పటికప్పుడు మార్పించింది. కొత్తది నాకు గుర్తుండదు. తను ఇప్పుడు దూరంగా కాలేజీలో ఉంది. నంబరు కావలసినప్పుడల్లా ఫోన్ చేసి అడుగుతుంటాను. దాదాపు రోజూ కావలసి వస్తోంది.