తడి ఆరేదాకా

కొత్త నూలు గుడ్డను నీళ్ళలో ముంచినప్పుడు లేచే గంజి వాసన తగిలితే చాలు, మాచర్ల బజారులోని ఆ ఇరుకు కొట్టూ, బల్ల ముందు నిలబడ్డ ఖాసిం మాస్టరూ కళ్ళ ముందుకొస్తారు. నాకు కుట్టుపని నేర్పింది ఆయనే. గుడ్డను తడిపి, ఆరేసి, అది కుంచించుకోవాల్సినంత కుంచించుకున్నాకే కత్తెర పెట్టేవారు. పెళ్ళి ముంచుకొచ్చిందని ఎవరు గోల పెట్టినా వినేవారు కాదు. మహా మొండి మనిషి.

నేనింకా పని నేర్చుకుంటుండగానే ఆయనకొచ్చిన గొంతు క్యాన్సరుకు గుంటూరులో మందులెక్కించి, రేడియేషన్ ఇచ్చారు. దాన్ని మావైపు కరెంటు పెట్టడం అంటాం. తిరిగొచ్చేసరికి ఆయన మెడ కమిలి, నల్లబడి, బిగుసుకుపోయింది. గొంతులో పుండు మానింది గానీ, మెడకు కుడిపక్కన గడ్డ మాత్రం చిన్నదై ఉండిపోయింది. మూడు నెలలు ఆగి స్కాన్ తీద్దామనీ, అప్పటికీ గడ్డలో జబ్బు ఉంటేనే కోద్దామనీ డాక్టరమ్మ చెప్పింది. కోస్తే ఆ పక్క భుజం మునుపటిలా లేవకపోవచ్చట. ఆయన కత్తెర పట్టే చెయ్యి అదే.

ఆయన బావమరిది ఊరుకోలేదు. "ఏంది బావా, విషాన్ని మెడలో పెట్టుకుని కూసుంటావా? ఇప్పుడే కోయించు."

"తడి గుడ్డ మీద కత్తెర పెడితే ఏమైద్దిరా? కరెంటు లోపల ఇంకా పని చేస్తానే ఉందంట. ఆరనీ," అన్నారు మాస్టరు బొంగురుగా.

ఆ మూడు నెలలూ నాకు అన్నం సహించలేదు. ఆయన మాత్రం డాక్టరమ్మ చెప్పినట్టు మెడను అటూ ఇటూ తిప్పుకుంటూ, నా వంకర కుట్లు విప్పించి మళ్ళీ కుట్టించేవారు.

స్కాన్‌లో జబ్బు మిగిలే ఉందని తేలింది. ఇక ఆగకుండా ఆపరేషన్‌కు వెళ్ళారు. గడ్డ పోయింది. చెయ్యి మాత్రం భుజం ఎత్తుకు కూడా లేవలేదు.

"అప్పుడే కోయిస్తే పోయేది గదా," అన్నాడు బావమరిది.

"అప్పుడే కోయించుంటే, ఆగితే కరిగేదేమోనని చచ్చేదాకా అనుకునేవాణ్ణి. ఇప్పుడా ఏడుపు లేదు."

కొట్టు మళ్ళీ తెరిచిన రోజే, పరిచిన గుడ్డ మీద ఎడమచేత్తో కత్తెర నావైపు తోశారు.

"కొయ్యమ్మాయ్."

"మీ చెయ్యి కుదురుకోనీయండి మాస్టారూ. కొన్నాళ్ళు ఆగుదాం."

"ఆగాల్సినదానికి ఆగా. ఈ చెయ్యి ఆగితే వచ్చేది కాదు."

నాకు ఆయన మీద పట్టరాని కోపమొచ్చింది, అంతకు మించి ఏడుపొచ్చింది. ఆయన పక్కనే కూర్చుని గుడ్డనే చూస్తున్నారు, నన్ను చూడలేదు. కోశాను.

ఇప్పుడు మాస్టరు లేరు, కొట్టు నేనే నడుపుతున్నాను. కళ్ళ నిండా నీళ్ళున్నా గీత తప్పకుండా కొయ్యగలనని నాకు తెలిసింది ఆ రోజే.