ముందు అమ్మ తాగేది

చెన్నై పెరంబూరులో మేముండే పాత కాంపౌండులో నాలుగు ఇళ్లకూ కలిపి ఒకటే సంపు. ఆ ఏడాది వానలు వెలిసిన వారంలో ఒక పొద్దున అమ్మ చెంబు పట్టుకుని వంటింట్లోంచి పిలిచింది.

"ఏమ్మే, ఈ నీళ్లు వాసన చూడు."

క్లోరిన్ ఘాటు అడుగున సన్నగా మురుగు వాసన. ఆ నీళ్లు తాగొద్దని వెంటనే అందరికీ చెప్పాం. కానీ అప్పటికే కింది వాటాలోని అమ్మాయికి జ్వరం వచ్చింది. ఆ వాటాలో ఉండేది తిరునెల్వేలి నుంచి వచ్చిన తమిళ దంపతులు. ఆమెకు ఆరో నెల. కామెర్లన్నారు. నీళ్లవల్లే వచ్చి ఉంటుందన్నారు డాక్టరుగారు.

ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చాక ఆ అమ్మాయి నీళ్లు ముట్టడం మానేసింది. క్యాను నీళ్లు తెచ్చిపెట్టినా గ్లాసు చూడగానే తల తిప్పుకునేది. "ఇలాగే ఉంటే తల్లికీ బిడ్డకీ ప్రమాదం అంటున్నారమ్మా" అని ఆమె భర్త మా గుమ్మంలో నిలబడి కళ్లు తుడుచుకున్నాడు.

అమ్మ నీళ్లు బాగా తెర్లకాచి, చల్లార్చి, చెంబుకు మూతపెట్టింది. మోకాళ్ల నొప్పితో మెట్లు దిగడం ఆమెకు కష్టం. నేనిచ్చి వస్తానన్నాను.

"నువ్వు ఇచ్చేసి వచ్చేస్తావు. ఆడ కూర్చోవాల," అంది.

నేనూ వెంట వెళ్లాను. ఆ అమ్మాయి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. "భయంగా ఉందమ్మా. అందులో ఏముందో కంటికి కనబడదు కదా," అంది తమిళంలో.

అమ్మ చెంబు మూత తీసింది. గ్లాసులో పోసుకుని ఆమె చూస్తుండగా తాగింది. తర్వాత తనకు వచ్చిన తమిళంలోనే, "గంట తర్వాత మళ్లీ వస్తా. నేను బాగుంటే నువ్వు తాగాల," అని చెప్పి పైకి వచ్చేసింది.

గంట తర్వాత పోయి గుమ్మంలో నిలబడి రెండు చేతులూ చాచి చూపింది. ఆ అమ్మాయికి నవ్వొచ్చింది. ఒక్క గుక్క తాగింది. అది కడుపులో నిలిచింది.

అప్పటినుంచి అదే వరస. ముందు అమ్మ తాగేది, తర్వాత ఆ అమ్మాయి.

ఈలోగా నాలుగిళ్లవాళ్లం కలిసి సంపు తోడించి, కడిగించాం. నీళ్ల ఆఫీసుకు పదేపదే తిరిగితే మనుషులొచ్చి వీధి తవ్వారు. మంచినీళ్ల గొట్టం పగిలి, పక్కనున్న మురుగు అందులోకి ఊరుతోంది. గొట్టం మార్చారు. నీళ్లు పరీక్ష చేయించి, బాగున్నాయన్నారు. అయినా అమ్మ కాచడం మానలేదు.

ఒక సాయంత్రం ఆ అమ్మాయి మెట్ల కమ్మీ పట్టుకుని, మెల్లగా తనే పైకొచ్చింది. కళ్లలో పసుపు పోయింది. అమ్మ మునగాకు దూస్తోంది.

"దాహంగా ఉందమ్మా," అంది, చాపమీద కూర్చుంటూ.

అమ్మ లేచి గ్లాసు నింపి, అలవాటుగా తన నోటిదాకా తీసుకుపోయింది. ఆ అమ్మాయి చెయ్యి చాచి, "ఇటివ్వండి," అని అందుకుంది. ఆగకుండా తాగేసింది.

అమ్మ కొంగుతో ఆమె గడ్డం తుడిచి, "ఇంకొంచెం పొయ్యనా?" అని అడిగింది.

నెలలు నిండాక బిడ్డ పుట్టింది. ఇద్దరూ క్షేమం.