తడిచేత్తో తీయాల్సిన మూత

2022. కరోనా సద్దుమణిగి, సమావేశాలు మళ్లీ ముఖాముఖి జరుగుతున్న ఏడాది. బెంగళూరులో ఒక వినియోగదారుల సంఘం తరఫున నేను టెక్నికల్ కమిటీలో సభ్యుణ్ణి. మనం కొనే వస్తువు ఎలా ఉండాలో ప్రమాణాలు రాసే కమిటీ అది. చుట్టూ కంపెనీల ఇంజనీర్లు, కొనేవాళ్ల తరఫున నేనొక్కణ్ణే. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నన్ను ఆటపట్టించేవారు.

ఆ రోజు చర్చ బాత్‌రూమ్ కడిగే యాసిడ్ సీసాల మీద. వాటికి చైల్డ్ రెసిస్టెంట్ క్యాప్, అంటే గట్టిగా నొక్కి తిప్పితే తప్ప రాని మూత, తప్పనిసరి చేయాలని డ్రాఫ్ట్. పిల్లలు తీయలేకపోతే చాలు, పరీక్ష పాసైనట్టే. అందరూ సరేనన్నారు. నేను మాత్రం నగర శివారు హూడి నుంచి జయమ్మ అనే ఆమెను వెంటబెట్టుకెళ్లాను.

జయమ్మ ఇంట్లో ఉన్నది అలాంటి మూత సీసానే. అందులోని యాసిడ్‌ను ఆమె ఒక ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలోకి వంచుకుంది. మూడేళ్ల కొడుకు దాన్ని గుక్కెడు తాగేశాడు. గొంతు కాలి, చాలాకాలం ట్యూబుతోనే పాలు పట్టారు. అప్పటినుంచి అత్త బిడ్డను ఆమె చేతికివ్వడం మానేసింది. మా సంఘానికి వచ్చి జయమ్మ పరిహారం అడగలేదు. "ఇంకో ఇంట్లో ఇట్ల కాకూడదు సార్" అంది, అంతే.

కంపెనీ ఇంజనీరు ఆమె కథ విని, "వేరే సీసాలో పోయొద్దని లేబుల్ మీద రాశాం కదమ్మా" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నోరు తెరవబోతుంటే జయమ్మ చెయ్యడ్డం పెట్టింది.

"నిజమే అప్పా, తప్పు నాదే. నేనే పోసినాను. ఎందుకు పోసినానో గూడా వినండి. తడిచేత్తో ఆ మూత రాదు. పట్టకారుతో తిప్పేదాన్ని. కడిగినప్పుడల్లా ఆ కుస్తీ ఎవరు పడతారు? మా వీధిలో ఎవరింట్లో చూసినా అట్లే వేరే సీసాలో ఉండాది."

బల్ల మీద నీళ్లు నింపిన నమూనా సీసా ఉంది. ఆమె గ్లాసులోని నీళ్లతో ఆ ఇంజనీరు అరచేతులు తడిపి, "తీయండప్పా" అంది. ఆయన నొక్కాడు, తిప్పాడు, మొహం కందిపోయింది. జేబురుమాలు కోసం చూశాడు.

"గుడ్డ వద్దప్పా. బాత్‌రూమ్‌లో ఉండాము అనుకోండి."

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. ఆయన మంచివాడే. సీసా కింద పెట్టి, "డ్రాఫ్ట్ మార్చాలి" అన్నాడు.

ఇన్నేళ్లు వాదించి నేను సాధించలేనిది ఆమె సాధించింది. బిడ్డకు జరిగినదాన్ని అంతమంది ముందు పెట్టి, తన తప్పును ఒప్పుకుని మరీ. చేతులెత్తి మొక్కాలనిపించింది. జనం ఏం చేయాలో చెప్పడానికి లేబుళ్లున్నాయి. జనం నిజంగా ఏం చేస్తారో చెప్పడమే నా ఉద్యోగమని ఆ రోజే తెలిసింది.

పిల్లలు తీయలేకపోవాలి, పెద్దలు తడిచేత్తో తీయగలగాలి అని ప్రమాణం అచ్చయింది. దాని ప్రతి ఒకటి తీసుకెళ్లి ఇస్తే జయమ్మ తిప్పి చూసింది. "ఇంగ్లీషులో ఉండాది. మా అత్తకు మీరే చెప్తారా సార్?"

చెప్పాను. తప్పు మూతలోనూ ఉందని పెద్ద పెద్ద ఇంజనీర్లు ఒప్పుకున్నారని చెప్పాను. పెద్దావిడ లేచి, పిల్లవాణ్ణి తెచ్చి కోడలి ఒళ్లో కూర్చోబెట్టింది. పక్కన గిన్నె పెట్టింది.

"ఇందా, బువ్వ నువ్వే పెట్టు."