మా సారు విప్పిన నార్వే మాట

పెనుకొండలో మా తెలుగు సారు పోయారని మొన్న ఉదయం ఆయన కూతురు ఫోన్ చేసింది. హిందూపురంలో బస్సెక్కి కూర్చున్నానే గానీ ఏడవడానికి కూడా ఓపిక లేకపోయింది. పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆయన కొంచెం కొంచెంగా పోతూనే ఉన్నారు.

ధర్మవరం హైస్కూల్లో మాకు సమాసాలు చెప్పింది ఆయనే. "మాటను పగలగొట్టద్దు పాపా, విప్పు. ముడి యాడుందో చూడు" అనేవారు. అలాంటి మనిషికి జబ్బు చేశాక మాటలే అందకుండా పోయాయి. నీళ్లు కావాలంటే చెంబు వైపు చూసేవారు. మాట ఎవరైనా అందించబోతే కోపం. చూడవచ్చేవాళ్లు తగ్గిపోయారు. ఏం మాట్లాడాలో తెలియక నేనూ వెళ్లిన ప్రతిసారీ అలసిపోయి తిరిగొచ్చేదాన్ని.

ఇంట్లో కూర్చుని ఒక నిఘంటువు యాప్‌కు తెలుగు అర్థాలు రాయడం నా పని. ఒకసారి నార్వే మాట ఒకటి వచ్చింది: స్లొట్స్‌విన్. ఎస్టేటులో పండిన ద్రాక్షతో అక్కడే చేసే వైన్. ఏదో ఒకటి మాట్లాడాలని సారుకు ఆ సంగతి చెప్పాను.

"సారాయి మాట తెచ్చినావా పాపా ఇంట్లోకి?" ఆయన భార్య నవ్వింది.

"తా... గం" అన్నారు సారు. "విప్పు... తాం."

స్లొట్ అంటే కోట, విన్ అంటే వైన్ అని చెప్పాను. ఆయన వేలెత్తారు. "నడుమ... స్?"

"మన 'యొక్క' లాంటిది సార్. కోట యొక్క వైన్."

చాలాసేపు పెదవులు కదిపారు. అందిద్దామనిపించినా ఆగాను. ఆయన నుదుట చెమట పట్టింది.

"షష్ఠీ... తత్పురుష. విభక్తి... పోలేదు. ఆడనే ఉండాది. అలుక్కు."

రెండు మాటలు కలిశాక కూడా నడుమ ప్రత్యయం చెరగకుండా ఉంటే దాన్ని అలుక్ సమాసం అంటారని బడిలో చెప్పింది ఆయనే. జబ్బు పడ్డాక ఆయన నోట అన్ని మాటలు రావడం అదే మొదలు. ఆయన భార్య తలుపు పట్టుకుని ఏడ్చింది.

ఆ తర్వాత వెళ్లినప్పుడల్లా ఒక మాట పట్టుకుపోయాను. కొన్ని విప్పారు. కొన్నిసార్లు "ఇయ్యాల వద్దు... అలుపుగా ఉండాది" అనేవారు. చలికాలానికి అదే ఎక్కువైంది. చివరిసారి నా చేయి తట్టి, "నువ్వే విప్పుకో" అన్నారు.

మొన్న మగవాళ్లు సారు జనాజాను మోసుకుని ఖబరస్తాన్‌కు వెళ్లాక ఇల్లు సద్దుమణిగింది. ఆయన భార్య గోడకానుకుని, కూర్చున్నచోటే నిద్రపోయింది. సారు జబ్బుపడ్డాక ఆమె కునుకు తీయడం నేను చూసింది ఎప్పుడని! ఎవరమూ లేపలేదు. చెప్పులు చేతపట్టుకుని, ఒకరి వెనక ఒకరం, అలికిడి కాకుండా వీధిలోకి నడిచాం.